తెల్ల దారం లేని ఫైలు

మీరంతా కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లలు. నేను ఆ బల్లల కింద ఊడ్చినదాన్ని. పద్దెనిమిదేళ్లు ఊడ్చాను, చాయ్ మోశాను, ఫైళ్లు మోశాను. చదువంటారా, నా సంతకం నేను పెడతాను, అంకెలు చదువుతాను. అక్షరాలైతే కూడబలుక్కుంటూ పోవాలి; సగం దూరం పోయేసరికి మొదలు మరిచిపోతాను. అందుకని నేను చెబుతుంటే మా పక్కింటి పిల్ల రాస్తోంది. నా మాటకు ఇస్త్రీ చేసి రాస్తానంది. చేయమన్నాను, ఒక్క చోట తప్ప. ఆ చోటు వచ్చినప్పుడు చెబుతానన్నాను.

ఉద్యోగం గురించి చెప్పమంటే నా దగ్గర గొప్పలేమీ లేవు. ఒక్క ఫైలు ఉంది. దాని సంగతి చెబుతాను.

మాది నల్గొండలో చేనేత కుటుంబాల కాగితాలుండే ఆఫీసు. పేరు వద్దులెండి. ఇటు హుజూర్‌నగర్ దాకా, అటు పాలమూరు దిక్కున ఆత్మకూర్ దాకా, మగ్గమున్న ప్రతి ఇంటికీ మా రికార్డు గదిలో ఒక ఫైలుండేది. మూడు వేల పైచిలుకు. ఆ గది మొదట నా పెనిమిటిది. ఆయన అక్కడ రికార్డు అసిస్టెంటు. పొద్దున ఇంట్లో మగ్గం మీద, పగలు ఆఫీసులో ఫైళ్ల మధ్య. ఒక వేసవిలో ఆ గదిలోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. దవాఖానకు పోయేలోపే అయిపోయింది. ఆయన బదులు నన్ను తీసుకున్నారు, అటెండరుగా.

ఆయనకొక పద్ధతి ఉండేది. బతికున్న నేతగాడి ఫైలుకు మామూలు ఎర్ర ట్యాగు. మనిషి పోయాడని కాగితం వస్తే, ఆ ట్యాగు పక్కన తెల్ల దారం కట్టేవాడు. ఇంటి నుంచి తెచ్చిన నూలు, రంగెక్కనిది. పురి పెట్టి, నేతగాళ్ల ముడి వేసేవాడు. ఆ ముడి లాగితే బిగుసుకుంటుంది, విప్పుదామంటే రాదు. సర్కారు పుస్తకాల్లో ఎక్కడా ఆ పద్ధతి రాసిలేదు. చీకటి గదిలో, అటక మీద, అక్షరం చదవకుండానే ఎవరున్నారో ఎవరు లేరో తెలిసేది. నాలాంటి దానికి అంతకంటే ఏం కావాలి. ఆయన తర్వాత ఆ దారం పని నాకొచ్చింది.

నా చేతితో కట్టిన మొదటి దారం ఆయన ఫైలుకే. మాదీ మగ్గమున్న ఇల్లే కదా. పనిలో చేరిన రోజు, ఎవరూ చెప్పకుండానే, పోయి కట్టాను. మూడు సార్లు ముడి జారింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వేసిన ముడి, ఆ రోజు జారింది.

అందుకేనేమో, ఒక్క ఫైలుకు మాత్రం కట్టలేకపోయాను.

ఆత్మకూర్ దగ్గరి ఊరామె. నాకంటే పదేళ్లు చిన్నది. ఆమె మగడు మగ్గం గిట్టుబాటు కాక బొంబాయి దిక్కున భీవండి పోయాడు, పవర్‌లూముల మీద పనికి. రెండేళ్ల తర్వాత అక్కడి నుంచి ఒక కాగితం వచ్చింది, జ్వరంతో పోయాడని, అక్కడే దహనం చేశారని. శవం రాలేదు, చెప్పులు కూడా రాలేదు. ఆ కాగితం తీసుకుని రెండు బస్సులు మారి మా ఆఫీసుకు వచ్చింది. పైన కంప్యూటర్లో ఎక్కించుకున్నారు. కింద నా దగ్గరికి వచ్చి, నేను నూలు పురి పెడుతుంటే, నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, గా తెల్ల దారం కట్టకే. నేను సూడలే ఆయన్ని. సూడకుంట ఎట్ల కడ్తవ్?"

నూలు కొంగున ముడేసుకున్నాను. ఫైలును ఎట్లా ఉన్నదాన్ని అట్లా అరలో పెట్టేశాను. ఆమె గాజులు తీయలేదు, బొట్టు తీయలేదు. ఊళ్లో ఏమనుకుంటారో అనుకోనీ అనుకున్నాను. ఒక దారం ముక్క కట్టకపోతే సర్కారుకేం నష్టం?

ఇక ఆపరేటరు సంగతి. కొత్త రాష్ట్రం వచ్చాక మా ఆఫీసుకు ఒక అమ్మాయి వచ్చింది, హుజూర్‌నగర్ పిల్ల, ముప్పయ్యేళ్లుంటాయి, కాంట్రాక్టు ఉద్యోగం. నన్ను పెద్దమ్మా అనేది. అందరి కంప్యూటర్ల మీద బొమ్మలుండేవి, తెల్లగా, నీలంగా. ఆమె దాని మీద మాత్రం నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. చెడిపోయిందేమో అనుకుని మొదట్లో జాలి పడ్డాను. నవ్వి చెప్పింది. బొమ్మలైతే ఒక్కొక్క ఫైలు తెరిచి దిద్దాలి; ఈ నల్ల తెర మీద ఒక్క వరుస రాస్తే, మూడు వేల ఫైళ్లలో ఆ మాట ఎక్కడుంటే అక్కడికి అదే పోయి, పాత మాట తీసి కొత్త మాట పెట్టి వస్తుందట.

ఆ ఏడాది జిల్లాలు చీలాయి. హుజూర్‌నగర్ వాళ్లు నల్గొండ జిల్లా కాకుండా పోయారు, ఆత్మకూర్ వాళ్లు పాలమూరు జిల్లా కాకుండా పోయారు. ఫైళ్లన్నిటిలో జిల్లా పేరు మార్చాలి. క్లర్కులు ఆర్నెల్ల పని అన్నారు. ఆమె మండలాల పేర్లు దగ్గర పెట్టుకుని, నాలుగు వరుసలు రాసి, నన్ను చాయ్ తెమ్మంది. చాయ్ వేడి తగ్గకముందే అయిపోయింది. సూపరింటెండెంటు సారు పది ఫైళ్లు తీసి చూశాడు, ఇరవై చూశాడు. అన్నీ మారి ఉన్నాయి. ఆ రోజు నుంచి ఏ పని వచ్చినా ఆయన ఒకటే మాట, నల్ల తెర అమ్మాయికి చెప్పండి అని.

తర్వాత మరో ఉత్తరువు. గుర్తింపు కార్డు మీది పేరూ ఫైలులోని పేరూ అచ్చంగా ఒకటే ఉండాలి. మా ఫైళ్లలో పేర్ల ముందు శ్రీ అని, శ్రీమతి అని, పోయినవాళ్లకు కీ.శే. అని ఉండేవి. అవన్నీ తీసేయాలి. ఆమె ముందు పది ఫైళ్లకు నకళ్లు తీసి వాటి మీద చేసి చూసింది. అందులో శ్రీనివాస్ అనే ఆయన నివాస్ అయి కూర్చున్నాడు. శ్రీశైలం ఒట్టి శైలమయ్యాడు. ఆఫీసంతా పడి పడి నవ్వింది. మా క్లర్కొకాయన తోటి క్లర్కు శ్రీరాములును రాములూ అని పిలిచి, నీ శ్రీ సర్కారు గుంజుకున్నదిరా అని వారం రోజులు ఏడిపించాడు. ఆమె ఆ వరుసను దిద్దింది. తప్పు దొరికింది, దిద్దాం అని అందరికీ ధైర్యం వచ్చింది. నవ్వు తెప్పించిన తప్పును పట్టుకున్నాం. నవ్వు తెప్పించనిది ఇంకొకటి అక్కడే ఉంది. ఎవరికీ కనపడలేదు.

అన్ని ఫైళ్లకూ నకలు పెట్టుకోవడానికి ఒక డిస్కు కావాలని సారును అడిగింది. నేను అక్కడే ఉన్నాను. ఇండెంటు పెట్టాం, వచ్చే నెల వస్తుంది, ముందు పని కానియ్యమన్నాడు. ఆమె ఒక పూట ఆగింది. సారు మళ్లీ పిలిచి, అయిందా అని అడిగాడు. నకలు లేకుండానే చేసేసింది.

ఆ సాయంత్రం నన్ను పిలిచి తెర మీద నా పెనిమిటి పేరు చూపించింది. ఆయన పేరు నేను నోటితో చెప్పను, వేలితో చూపిస్తాను, ఆమెకది తెలుసు. ఎన్నో ఏళ్లుగా ఆ పేరు ముందు రెండు అక్షరాలు చూసి చూసి ఉన్నాను. ఇప్పుడవి లేవు. ఒట్టి పేరు, ఆయన సైకిలెక్కి ఆఫీసుకొచ్చిన రోజుల్లోలాగా. నాకు లోపల మంచిగా అనిపించింది. ఇవి పోతే ఈ మనిషి లేడని ఎట్లా తెలుస్తుంది బిడ్డా అని అడగాల్సింది. దారాలు కట్టే దాన్ని, నాకంటే ఎవరికి తోచాలి ఆ ప్రశ్న? అడగలేదు. కాసేపు చూసి, గ్లాసులు కడగడానికి పోయాను.

నెల తిరక్కముందే కొత్త కబురు. ఊళ్లలో మగ్గాల షెడ్లు కడుతున్నారు. మగడు పోయిన ఆడవాళ్లకు ముందు జాగా ఇస్తారు. సోమవారం పొద్దున జాబితా పోవాలి. మీకు షెడ్డంటే రేకుల కొట్టం. నేతగాళ్ల ఇంట్లో గుంట మగ్గముంటుంది, కాళ్లు గుంటలో పెట్టి నేయాలి. ఇల్లు కురిస్తే ముందు నిండేది ఆ గుంటే. నూలు తడుస్తుంది, పడుగు పాడవుతుంది, వానాకాలమంతా మగ్గం పండుకుంటుంది. ఆరిన నేల మీద ఒక మగ్గం జాగా దొరకడమంటే నాలుగు నెలల బతుకు దొరకడం.

ఆపరేటరు నల్ల తెర మీద రాసింది, కీ.శే. ఉన్న ఫైళ్లన్నీ చూపించమని. తెర ఏమీ చూపించలేదు. ఇంకోసారి రాసింది. సున్నా. కుర్చీలోంచి లేచి, చీపురు పట్టుకున్న నా వైపు చూసింది.

"పెద్దమ్మా, అందరు బతికిన్రే."

అప్పుడు తెలిసింది మా అందరికీ. మనిషి పోయినట్టు ఆ ఫైళ్లలో ఇంకెక్కడా లేదు. ఆ రెండు అక్షరాలే గుర్తు. ఆమె వేరే గడిలో ఉంటుందనుకుంది. సారు ఆమెకు తెలిసే ఉంటుందనుకున్నాడు. ఊడ్చేదానికి తెలుసు, కానీ ఊడ్చేదాన్ని ఎవరడుగుతారు.

కాగితాలు ఒక్కొక్కటి తిరగేస్తే నెల పడుతుందని సారు తల పట్టుకున్నాడు. నేనే ముందుకొచ్చి చెప్పాను, దారాలున్నాయని. ఆయనకు మొదట అర్థం కాలేదు. రికార్డు గదిలోకి తీసుకుపోయి చూపించాను. ఇరవై ఏళ్ల తెల్ల దారాలు. సారు ఒక దారాన్ని వేలితో పట్టుకుని, మా ఆయన పేరు తలచుకున్నాడు. ఆ ఒక్క నిమిషం నా ఉద్యోగంలో నాకు గర్వంగా ఉన్న నిమిషం. తర్వాత జరిగినదాని వల్ల దాన్ని కూడా సరిగా తలచుకోలేను.

శుక్రవారం, శనివారం, ఆదివారం. ఇద్దరమే కూర్చున్నాం. నేను అరలోని కట్ట దించి, ఫైలు చూసి, దారముంటే నంబరు చదివేదాన్ని. ఆమె రాసుకునేది. రాసుకున్న నంబర్లను మళ్లీ నల్ల తెరకిస్తే, ఆ ఫైళ్లలో మాత్రమే పేరు ముందు కీ.శే. తిరిగి పెడుతుంది. ఇంటి నుంచి రొట్టెలు తెచ్చేది, నేను పచ్చిపులుసు తెచ్చేదాన్ని. మా పెనిమిటి నంబరు వచ్చినప్పుడు నేను చదవకముందే రాసుకుని, తల దించుకుంది.

ఆదివారం మధ్యాహ్నం పాలమూరు అరలోని ఫైళ్లు దించాను. పదహారు వందల నలభై రెండు చేతికొచ్చింది. దారం లేదు. చేతికి ఆ బరువు తెలుసు, ఆ అట్ట తెలుసు. ఆత్మకూర్ ఆమె గాజులు గుర్తొచ్చాయి, నా చెయ్యి పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది. చెబితే మాట తప్పినదాన్నవుతాను. అన్నీ నాకు గుర్తున్నాయి, ఒక్క షెడ్డు సంగతే ఆ నిమిషంలో గుర్తులేదు. లేదా గుర్తుండీ, ఆమె ఎందుకు అడుగుతుందిలే అనుకున్నానో. ఇన్నేళ్లైనా అది తేల్చుకోలేదు.

"ఏంది పెద్దమ్మా, ఆగినవ్?"

"ఏం లేదు బిడ్డా. దారం లేదు."

ఆపరేటరు నా ముఖం చూసింది. తర్వాతి ఫైలు తీశాను.

సోమవారం జాబితా పోయింది. సారు అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు. శ్రావణంలో ఊళ్లలో షెడ్ల పేర్లు చదివారు. ఆ వారంలోనే ఆత్మకూర్ ఆమె వచ్చింది. వానకు కింది నుంచి మోకాళ్ల దాకా తడిసి ఉంది. రికార్డు గది గడపలో నిలబడింది.

"అక్కా, లిస్టుల నా పేరు లేదట. నా మొగడు బతికే ఉన్నడని కంప్యూటరు చెప్తాందట."

కూర్చోబెట్టాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, నంబరు దగ్గర ఆగింది కూడా. ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఇద్దరు ఆడపిల్లలున్నారని, గుంటలో నీళ్లు బిందెలతో తోడుతున్నారని, షెడ్డు దరఖాస్తు మీద వేలిముద్ర వేసిన రోజునే తనకు మగడు లేడని మనసుకు చెప్పుకున్నానని, అన్నీ నెమ్మదిగా చెప్పింది. ఆ దరఖాస్తును కంప్యూటరుతో సరిచూసి కొట్టేశారు.

"నేనే గదక్కా కట్టకుమన్నది," అంది చివరికి. "నూలున్నదా? గిప్పుడు కడ్త."

ఇచ్చాను. తనే పురి పెట్టింది. తనే కట్టింది. ఆమె చేతిలో ముడి జారలేదు.

సారు దగ్గరికి తీసుకుపోయాను. జాబితా మూసేశారు, రెండో విడతలో చూద్దామన్నాడు. రెండో విడత రాలేదు. ఆమె ఊరి పెద్దమనిషి ఒకాయన అర్జీ రాసి పైకి పంపాడు. దాంతో హైదరాబాదు నుంచి విచారణకు ఒక అధికారి వచ్చాడు. సారు గదిలో అందరినీ నిలబెట్టాడు. నేను చాయ్ గ్లాసులు, నీళ్ల గ్లాసులు ఉన్న పళ్లెంతో తలుపు దగ్గర ఉన్నాను. ముందు నకలు లేకుండా ఎందుకు చేశావని ఆపరేటరును అడిగాడు. డిస్కు సంగతి సారు చెబుతాడని ఆమె ఆయన వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూశాడు. తర్వాత ఆ అధికారి నంబర్ల కాగితం పైకెత్తాడు.

"ఈ నంబర్లు ఎవరు చెప్పిండ్రు?"

నేను చెప్పానని సారుకు తెలుసు, క్లర్కులకు తెలుసు. నాకప్పటికి రిటైరుమెంటుకు రెండేళ్లుంది. కూతురు పురిటికొచ్చి ఇంట్లో ఉంది. నోరు ఎండిపోయింది. ఎండిపోయిందని చెప్పడం సాకే. నీళ్లు నా పళ్లెంలోనే ఉన్నాయి.

"నేనే సూసి రాసుకున్న సార్," అంది ఆపరేటరు.

అంతే. ఆ నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు ఆగిపోయింది. ఆఫీసులో ఎవరూ ఆమెను ఒక మాట అనలేదు, ఆమె కోసం ఒక మాట అనలేదు. పోయే రోజు రికార్డు గదికి వచ్చింది. నేను ఏదో అనబోతే, తన రొట్టెల డబ్బా సంచిలో సర్దుకుంటూ, నీకింక రెండేండ్లే ఉన్నది పెద్దమ్మా, నాకు యాడనో ఓ కాడ దొరుకుతదిలే అంది. బస్‌స్టాండు దాకా పోయి ఆమెను ఎక్కించాల్సింది. సారు గదిలో బెల్లు మోగింది. చాయ్‌కి పోయాను.

రెండేళ్లు గడిచాయి. నాకు దండ వేశారు, శాలువా కప్పారు. నిజాయితీ గల మనిషి అని సారు మాట్లాడాడు. ఆ శాలువా ఇంకా మడత విప్పలేదు.

రిటైరయ్యాక ముందు ఆత్మకూర్ దిక్కు పోయాను. ఆమె ఇంట్లో మగ్గం లేదు. గుంట ఉన్నచోట మట్టి పోసి అలికారు. కొత్తగా అలికిన చోటు పాత నేలలో నలుచదరంగా తెలుస్తూనే ఉంది. ఆమె పత్తి ఏరడానికి పోయిందని పెద్దపిల్ల చెప్పింది. పొద్దుగూకే వేళకు వచ్చింది. చేతులకు గాజుల్లేవు. నాకు అన్నం పెట్టింది, ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకుండానే నేనూ తిని వచ్చాను.

తర్వాత హుజూర్‌నగర్ పోయాను. ఆపరేటరు ఒక ధాన్యం మిల్లులో కంప్యూటరు మీద ఉంది. నన్ను చూసి లేచి వచ్చి, మోకాళ్ల నొప్పులెట్లున్నాయని అడిగింది. చాయ్ తెప్పించింది. పద్దెనిమిదేళ్లు అందరికీ చాయ్ అందించినదాన్ని, ఆమె ఇచ్చిన గ్లాసు పట్టుకోవడానికి చెయ్యి రాలేదు. ఆ రోజు నేను నోరు విప్పలేదు బిడ్డా అన్నాను.

"ఎరికే పెద్దమ్మా. గా ఫైలు కాడ నువ్ ఆగినవ్. నేను మల్లొక్కపారి అడగాల్సుండె. ఆకలైతాందని అడగలే." గ్లాసు నా చేతిలో పెట్టింది. "పదారొందల నలపైరెండు," అంది. "నాకింక యాది పోలే."

నాకూ పోలేదు. ఇద్దరం ఆ నంబరును చెరో మూల నుంచి మోసుకుంటూ ఇన్నేళ్లు ఉన్నామని అప్పుడే తెలిసింది. ఆమె మీద పడ్డ మాట ఏదో ఆఫీసు కాగితంలో ఇప్పటికీ ఉండి ఉంటుంది, ఆపరేటరు నిర్లక్ష్యమని. దాన్ని వెతికి మార్చే వరుస ఏదైనా నల్ల తెర మీద రాయొచ్చా అని అడిగాను. నవ్వింది. ఆ కాగితం కంప్యూటర్లో లేదు పెద్దమ్మా, చేత్తో రాసిందని చెప్పింది.

అందుకే ఇప్పుడు చెబుతున్నాను, చేత్తో రాయిస్తున్నాను. ఇన్ని మాటలకు ఇస్త్రీ చేసిన మా పక్కింటి పిల్లకు ముందే చెప్పిన చోటు ఇదే. ఇక్కడ నా మాట నా మాటగానే ఉంచమన్నాను.

నంబర్లు చెప్పింది నేనే. పదారొందల నలపైరెండు చెప్పంది గూడ నేనే. ఆ ఆపరేటరు పిల్ల తప్పు లేదు. ఇది మార్చకు బిడ్డా.